ఆ రాత్రి మోగిన పాట

పోయిన వారం మనం రోడా ఫెన్విక్‌ను రైతుసంఘం హాలు గుమ్మం దగ్గర వదిలిపెట్టాం. భర్త వెండెల్ వ్యానులోంచి ఆమె చక్రాల కుర్చీని దించి, భుజాల మీద శాలువా సర్ది, "చీకటి పడేలోపు వచ్చి తీసుకెళ్తాను" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె ఒళ్లో రికార్డుల పెట్టె ఉంది.

నాలుగేళ్ల కిందట ఇదే హాలులో హాలోవీన్ వేషాల పార్టీ జరుగుతుండగా రోడా నేలమాళిగ మెట్ల మీంచి పడింది. వెన్ను విరిగింది. పైన అరుపుల రికార్డు మోగుతూ ఉండబట్టి ఆమె కేకలు ఎవరికీ వినబడలేదని కోల్డ్‌వెల్ ఊరంతా చెప్పుకుంది. పేపర్లోనూ అలాగే వచ్చింది. ఆ తర్వాత ఊళ్లో మళ్లీ పార్టీ జరగలేదు. ఈ ఏడు జరుపుదామని, పాటలు తానే ఏరతానని రోడా ముందుకొచ్చినప్పుడు ఆమె గుండె నిబ్బరాన్ని అందరూ మెచ్చుకున్నారు.

ఆమె ఉద్దేశం వేరు. రోడా పడినప్పుడు మోగుతున్నది అరుపుల రికార్డు కాదు. ఒక వాల్ట్జ్. జంటలు చేతులు పట్టుకుని మెల్లగా తిరుగుతూ ఆడే పాట. చల్లటి గచ్చు మీద బోర్లా పడి, మెడ తిప్పలేక, ఆ పాటను ఆమె పూర్తిగా వింది. మధ్యమధ్య పిలిచింది. పైన తలుపు తెరుచుకుంది. వెలుగు వచ్చి గచ్చు మీద పడింది. ఎవరో నవ్వారు. తలుపు మూసుకుంది. అరుపులు మొదలైంది ఆ తర్వాతే.

ఆ నవ్వు గురించి ఆస్పత్రిలో ఒక్కసారి చెప్పింది. తలకు దెబ్బ తగిలినప్పుడు ఇలాంటి కలలు మామూలేనన్నారు డాక్టర్లు. వెండెల్ కూడా ఆమె నుదురు నిమిరి అదే అన్నాడు. ఆ పైన ఆమె ఆ ఊసెత్తలేదు. ఏ పాట మోగుతుండగా పడిందో మాత్రం ఎవరికీ, భర్తకు కూడా, చెప్పలేదు. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసునని ఆమెకు మెల్లగా అర్థమైంది. ఒకరు తాను. రెండోవారు తలుపు మూసిన మనిషి.

ఆ రాత్రి నేలమాళిగ తలుపుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఇద్దరు. వేదిక మీద రికార్డులు మార్చిన హెస్టర్ క్వింబీ, తలుపు పక్కనే బల్ల వేసుకుని సైడర్, అంటే ఆపిల్ రసం, పోసిన ఆల్డెన్ కోప్. ఇవాళ పాటలు వినడానికి రమ్మని రోడా పిలిచింది ఆ ఇద్దర్నే.

ఇద్దరూ వచ్చారు.

*

హాలు నిండా మొక్కజొన్న దంట్ల వాసన. గోడ వారన గుమ్మడికాయలు పోగుపడి ఉన్నాయి, ఇంకా వేటికీ కళ్లూ నోరూ కోయలేదు. ఊళ్లో ఇనప సామాన్ల కొట్టు నడిపే ఆల్డెన్, వెండెల్ స్నేహితుడు, నిచ్చెన ఎక్కి, దూలానికి నల్ల కాగితం గబ్బిలాలు వేలాడదీస్తున్నాడు. ఏభై దాటిన మనిషి, పెద్ద పొట్ట, పెద్ద గొంతు. చర్చిలో ఆర్గన్ వాయించే హెస్టర్ వేదిక మెట్టు మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. ఆమెకు డెబ్భై దాటాయి. రికార్డు ప్లేయర్ దగ్గర నిలబడ్డది నెల్ డ్రిస్కల్, పోయిన ఏడే బడికి సంగీతం టీచరుగా వచ్చిన పిల్ల. పాత కథ ఆమెకు ఊరు చెప్పినంతే తెలుసు.

"ముందు ఇది వినండి" అంటూ నెల్ ఒక రికార్డు పెట్టింది. గాలి ఈల వేసింది. తలుపు ఒకటి కిర్రుమని తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

"ఇది మా పెరటి తలుపు" అంది హెస్టర్. "మా ఇంటికొస్తే ఉట్టినే వినిపించేదాన్ని కదే."

ఆల్డెన్ నిచ్చెన మీంచి పకపకా నవ్వాడు. రోడా ఆ నవ్వును చెవులు రిక్కించి వింది. ఆ రాత్రి వినబడింది ఇదేనా? పొట్టిగా, గొంతులోనే ఆగిపోయిన నవ్వు అది. ఇది హాలంతా పట్టే నవ్వు. చెప్పలేకపోయింది.

"మరి ఇది?" నెల్ ఇంకోటి మార్చింది. ఒక తోడేలు సాగదీసి ఊళ వేసింది.

"తోడేలంటావా దీన్ని? మా పక్కింటి కుక్కకి పన్ను నొప్పొస్తే ఇంతకంటే బాగా ఏడుస్తుంది."

"హెస్టర్ గారూ, మీకేదీ నచ్చదా?"

"నచ్చితే నచ్చిందని చెప్తా. నా నోరేమన్నా పడిపోయిందా?"

రోడా కూడా నవ్వింది. పెట్టెలోంచి ఒక్కో రికార్డూ తీసి నెల్‌కు అందిస్తోంది. పిల్లలు ఉన్నంతసేపూ ఊళలూ గాలి చప్పుళ్లూ చాలు. వాళ్లు మిఠాయిల సంచులతో ఇళ్లకు వెళ్లాక పెద్దవాళ్లకు డోళ్ల పాటలు, గంతులేసే ఫిడేలు పాటలు. మధ్యలో ఒకచోట దీపాలన్నీ ఆర్పి, ఒక్క ఆర్గన్ మాత్రం సన్నగా వినిపించాలి.

"అరిచేది భయపెట్టదు నెల్" అంది రోడా. "అరుపు వినగానే ఇది అరుపు అని తెలిసిపోతుంది. తర్వాత ఏమొస్తుందో తెలీకపోతేనే భయం."

"అయితే ఈ అరుపుల రికార్డు పక్కన పెట్టేయనా?" నెల్ చేతిలో ఎర్ర అట్ట ఉంది.

హెస్టర్ చటుక్కున లేచింది. "దాన్నెవరు తెచ్చారు ఇక్కడికి?"

"నేనే" అంది రోడా. "పెట్టు నెల్."

"రోడా, వద్దమ్మా."

"వినకుండా వద్దని ఎలా అనను హెస్టర్ గారూ? పెట్టు."

నెల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి ముల్లు దించింది.

మొదట ఒక ఆడగొంతు, ఆ వెనక ఇంకొకటి, ఆ పైన పది గొంతులు కలిసి కేకలు. హాలు దూలాల దాకా నిండిపోయింది. రోడా కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంది. హెస్టర్ చెవులు మూసుకుంది. ఆల్డెన్ ఆదరాబాదరా నిచ్చెన దిగి వచ్చి ముల్లును లాగేశాడు. రికార్డు గీసుకుని కీచుమంది.

"చాలు" అన్నాడు. "ఏమిటిది రోడా? ఎందుకిలా నిన్ను నువ్వు హింసించుకుంటావు?"

అతనూ తట్టుకోలేకపోయాడు, హెస్టరూ తట్టుకోలేకపోయింది. ఏమీ తేలలేదు. కాస్త మనసున్న ఎవరైనా తట్టుకోలేరు.

హెస్టర్ మళ్లీ మెట్టు మీద కూలబడింది. ఆమె ఏడవడం రోడా అంతకుముందు చూడలేదు. ఏడుపు కూడా ఆమెకు కోపంలాగే వచ్చింది.

"చర్చిలో ఆఖరి బెంచీ మీద ఎవరన్నా ఒక్క స్వరం తప్పితే నాకు వినబడుతుంది" అంది. "నీ గొంతు నాకు వినబడకపోవడమేమిటి? వినబడేదే. నేనే ఆ దిక్కుమాలింది పెట్టి నా చెవులు నేనే మూసుకున్నాను. ఆ రాత్రి నుంచీ చర్చి పాట తప్ప ఇంకో పాట ముట్టుకోలేదమ్మా నేను. ఇంట్లో రేడియో కూడా పెట్టను."

రోడా గొంతులోకి మాట వచ్చేసింది. 'మీ తప్పేం లేదు. నేను పడ్డప్పుడు అది మోగలేదు' అని ఒక్క ముక్క అంటే చాలు, ఈ ముసలి ప్రాణం ఇవాళ హాయిగా నిద్రపోతుంది. కానీ ఆ ముక్క బయటికి వస్తే తన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది. ఏ పాపమూ ఎరగని మనిషిని పీడించి నిజం రాబట్టాలా? తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా పెట్టెలోకి వంగి, అడుగున ఉన్న నీలం అట్ట తీసింది.

"అరుపులు వద్దులే" అంది. "ఇది పెట్టు నెల్."

నెల్ అట్ట మీద పేరు పైకి చదివింది. "‘కోత ముగిసిన రాత్రి’. పేరు బాగుందే."

ఫిడేలు ఒక్కటే మొదలైంది. ఆ వెనక అకార్డియన్ మెల్లగా వచ్చి కలిసింది. ఒకటి గట్టిగా, రెండు మెత్తగా, ఎవరో పాదాలు ఈడుస్తూ తిరుగుతున్నట్టు సాగింది పాట. రోడాకు గచ్చు చల్లదనం చెంపకు తగిలింది. కళ్లు మూసుకోకూడదు అనుకుంది. మూసుకోలేదు.

హెస్టర్ ముక్కు తుడుచుకుంది. "ఇదీ పాటంటే. ఆ రాత్రి దీనికి జంటలన్నీ లేచాయి. కాలు నొప్పి కాలు నొప్పి అనే ముసలాళ్లు కూడా లేచారు."

హెస్టర్ గొంతులో వాత్సల్యం తప్ప ఇంకేమీ లేదు. రోడా చూపు నిచ్చెన మీదికి వెళ్లింది. ఆల్డెన్ మళ్లీ పైకెక్కాడు గానీ గబ్బిలం కట్టడం లేదు. దారం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"అది తీసెయ్ నెల్" అన్నాడు, ఇటు తిరక్కుండా.

"ఎందుకండీ? ఎంత బాగుందో!"

"దెయ్యాల పార్టీలో ఇదేమిటి, పెళ్లి విందులోలాగా?"

"అంతసేపు గంతులేశాక కాసేపు నెమ్మదైన పాట ఉండాలి కదండీ. జంటలకి ఒక్కటైనా ఉండాలి."

"నెమ్మదైనవి ఇంకా బోలెడున్నాయి. వేరేది చూడు."

"నాకిదే నచ్చింది" అంది రోడా. "ఆఖర్న ఇదే పెడదాం."

"వద్దంటున్నానా!"

పెద్ద గొంతు కదా, హాలంతా మోగింది. నెల్ బెదిరిపోయి చూసింది. ఆల్డెన్ ఇటు తిరిగాడు. అతని మొహం పాలిపోయి ఉంది.

"నీకెలా నచ్చుతుంది రోడా? ఇది చెవిన పడితే నాకే ఒళ్లు జలదరిస్తుంది. అక్కడ కింద పడి దీన్ని విన్నదానివి, నువ్వెలా..."

ఆగిపోయాడు.

పాట సాగుతోంది. నెల్‌కు ఏమీ అర్థం కాలేదు. హెస్టర్ మాత్రం విసుక్కుంది. "ఇది కాదయ్యా. ఆ అరుపులది. అది మోగుతున్నప్పుడే కదా పడింది. ఊరందరికీ తెలిసిందే. ఇది అయిపోయాక కదా నేను దాన్ని..."

హెస్టర్ మాట నెమ్మదించింది. తను అన్నది తనకే వినబడినట్టు రోడా వైపు తిరిగింది. రోడా ఆమె వైపు చూడలేదు. నిచ్చెన మీంచి చూపు తిప్పలేదు.

"నెల్, పాట ఆపకు" అంది రోడా. "వంటింట్లోకి వెళ్లి మాకందరికీ సైడర్ వేడి చేసి పట్టుకురా తల్లీ. తొందరేం లేదు."

నెల్ వెళ్లింది. వెళ్తూ వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"దిగు ఆల్డెన్."

దిగాడు. కింద గడ్డిమోపు ఒకటి ఉంటే దాని మీద కూర్చున్నాడు. చేతిలో కాగితం గబ్బిలం అలాగే ఉండిపోయింది.

"తలుపు తీశావు" అంది రోడా. "చూశావు. నవ్వావు. మూసేశావు."

అతను కాదనలేదు. అంతసేపూ కాదంటాడనే ఆమె సిద్ధపడి ఉంది. కాదంటే ఏమనాలో ఎన్నోసార్లు అనుకుని పెట్టుకుంది. అతను తల దించేసేసరికి అవన్నీ పనికిరాకుండా పోయాయి.

"ఆటనుకున్నాను రోడా" అన్నాడు. గొంతు అతనిది కానట్టుంది. "నేలమాళిగని ఆ ఏడు సమాధిలా అలంకరించారు, గుర్తుందా? సాయంత్రమంతా పిల్లల్ని తిప్పాం అందులో. ఎవరో ఒకరు టమాటా సాసు పూసుకుని పడుకోవడం, మూలగడం. కుర్రాళ్లు వంతులేసుకుని మరీ మూలిగారు. సైడర్ జాడీలు తెద్దామని తలుపు తీశాను. కింద మంత్రగత్తె వేషంలో ఎవరో బోర్లా పడుకుని ఉన్నారు. మొహం కనబడలేదు. నువ్వని తెలీదు. ఈ పిల్లలు ఇంకా ఇళ్లకి పోలేదే అనుకుని నవ్వాను. అంతే."

"నేను పిలిచాను."

"మూలుగే వినబడింది. మాట వినబడలేదు. దేవుడి మీద ఒట్టు."

"సరే, ఆటనుకున్నావు. మరి నన్ను మంచం మీద మోసుకెళ్తున్నప్పుడు? అప్పుడు తెలిసింది కదా."

"తెలిసింది."

"ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే కాళ్లు దక్కేవేమోనన్నాడు డాక్టరు. ఆ మాట అన్నప్పుడు నువ్వు వెండెల్ పక్కనే నిలబడి ఉన్నావు ఆల్డెన్. నా మంచం కాళ్ల దగ్గర."

ఆల్డెన్ చేతిలో కాగితం నలిగిపోయింది.

"మా ఇంటి ముందు ర్యాంపు కట్టావు" అంది రోడా. "చెక్క ముక్క కూడా నన్ను కొననివ్వలేదు. ఆదివారాలు మా బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని తింటావు. నీకంటే మంచివాడు లేడని నేనే అందరికీ చెప్తాను."

"వచ్చిన ప్రతిసారీ చెప్దామనే వచ్చేవాణ్ణి. నీ మొహం చూస్తే నోరు పెగిలేది కాదు."

అంతవరకూ మెట్టు మీద కదలకుండా ఉన్న హెస్టర్ లేచి అతని ముందుకు నడిచింది. అంత చిన్న మనిషి అతని మీదికి వంగింది.

"మరి నా మొహం? నా మొహం కనబడలేదా నీకు? ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కన నిలబడి పాడావు. నేను కుళ్లి కుళ్లి ఏడుస్తుంటే భుజం తట్టి, మీ తప్పేం లేదు హెస్టర్ అన్నావు. నా తప్పు లేదని నీకు నిజంగానే తెలుసు! ఎంత హాయిగా అన్నావయ్యా ఆ మాట!"

ఆల్డెన్ తలెత్తలేదు. హెస్టర్ చెయ్యి ఎత్తింది. కొడుతుందనే అనుకుంది రోడా. కొట్టలేదు. ఆ చేతినే గుండె మీద వేసుకుని పక్కకి తిరిగిపోయింది.

"హెస్టర్ గారూ, నేను కూడా మీకు చెప్పాల్సింది" అంది రోడా. "నాకూ తెలుసు. చెప్పకుండా దాచాను."

"నీతో తర్వాత మాట్లాడతాను అమ్మాయ్" అంది హెస్టర్. వెనక్కి వచ్చి మాత్రం రోడా కుర్చీ పక్కనే నిలబడింది.

పాట అయిపోయింది. ముల్లు ఆఖరి గీతలో తిరుగుతూ బుసబుసమంటోంది. ఎవరూ వెళ్లి ఎత్తలేదు. నాలుగేళ్లుగా కావాలనుకున్నది దొరికింది. దొరికాక ఏమవుతుందో రోడా ఎప్పుడూ ఆలోచించలేదు. కోపం పొంగుకొస్తుందని అనుకుంది గానీ, ఎదురుగా ఉన్నది నోరు లేని ఒక పిరికివాడు. ఇంతేనా అనిపించింది.

అప్పుడు ఆల్డెన్ అన్నాడు, "నేను తలుపు మూసింది నా అంతట నేను కాదు రోడా."

"అంటే?"

"రెండు మెట్లు దిగబోయాను కూడా. ఆ పిల్ల ఎవరో చూసి, లేపి ఇంటికి పంపిద్దామని. వాడు చెయ్యి ఊపాడు."

"వాడెవడు?"

ఆల్డెన్ మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "నువ్వు చూళ్లేదా? నీ వెనకే ఉన్నాడు. ఆఖరి మెట్టు మీద. దిష్టిబొమ్మ వేషంలో. నేను తలుపు తీయగానే పైకి చూశాడు. ముసుగు మీద, నోటి దగ్గర వేలు పెట్టుకున్నాడు. రెండో చేత్తో తలుపు మూసెయ్యమన్నట్టు ఊపాడు. ఆట పాడుచెయ్యకు, వెళ్లు అన్నట్టు. అందుకే నవ్వాను. అందుకే మూశాను."

మెట్ల కింద తాను ఒంటరిగా పడి ఉన్నానని ఇన్నాళ్లూ అనుకుంది. పైన తలుపు గురించి వెయ్యిసార్లు ఆలోచించింది. తన వెనక ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు. మెడ తిప్పలేకపోయింది కదా. లంగా అంచు కాలికి తగులుకుని పడ్డానని అందరికీ చెప్పింది. తగులుకున్నట్టు గుర్తుందా? లేదు. ఎవరో అడిగితే అలాగే అయి ఉంటుందని అంది, అంతే. గుర్తున్నది కొవ్వొత్తుల కోసం తలుపు తీయడం, మొదటి మెట్టు మీద కాలు పెట్టడం. ఆ తర్వాత గచ్చు.

"దిష్టిబొమ్మా?" అంది హెస్టర్. "ఆ రాత్రి దిష్టిబొమ్మ వేషం ఎవరూ వెయ్యలేదయ్యా. బహుమతులు ఎవరికివ్వాలో చూసింది నేనే. వేదిక మీంచి ఒక్కొక్కర్నీ చూశాను. దయ్యాలున్నాయి, ఓడదొంగలున్నారు, పిల్లులున్నాయి. దిష్టిబొమ్మ ఒక్కటీ లేదు."

"కింద ఉన్నాడు హెస్టర్. నా కళ్లతో చూశాను."

"మొహం?" అంది రోడా.

"గోనెగుడ్డ ముసుగు. కళ్ల దగ్గర కన్నాలు."

"ఇంకేం చూశావు?"

"గళ్ల కోటు. కాలర్లోంచి గడ్డి పైకి వచ్చింది. మోచేతి దగ్గర నీలం గుడ్డ అతుకు. నక్షత్రంలా కత్తిరించి కుట్టారు. చెయ్యి ఊపినప్పుడు నా చేతిలోని లాంతరు వెలుగులో అది బాగా కనబడింది."

రోడా శాలువాను దగ్గరికి లాక్కుంది.

ఆ నక్షత్రం వంటింటి పాత కర్టెన్ ముక్క. ఆమే కత్తిరించింది. ఆ కోటు మీద ఆమే కుట్టింది, ఎడమ మోచేతి మీద, వెండెల్ కోసం. పార్టీ నాటి సాయంత్రం అతనికి జ్వరం వచ్చింది. నువ్వెళ్లు, నేను పడుకుంటానన్నాడు. ఆమె వేడిగా సూపు చేసి, మంచం పక్కన పెట్టి, అతని మెడ దాకా దుప్పటి కప్పి వచ్చింది. వచ్చేటప్పుడు ఆ కోటు పడకగది తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. గోనెగుడ్డ ముసుగు దాని జేబులోనే ఉంది.

"ఎవరు వాడు?" అంది. తన గొంతు మామూలుగానే వినబడినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"తెలీదు."

"నీకు నిజంగా తెలీదా ఆల్డెన్?"

"తెలీదు రోడా. మా అమ్మ మీద ఒట్టు. తెలిస్తే ఇన్నాళ్లు ఊరుకుంటానా?"

హెస్టర్ ఒంగి రోడా మొహంలోకి చూసింది. ఏం కనబడిందో, ఇక ఏమీ అడగలేదు. ఆమె చెయ్యి మాత్రం రోడా భుజం మీదికి వచ్చింది.

బయట కంకర మీద చక్రాల చప్పుడయింది. కిటికీ అద్దాల మీద వ్యాను దీపాలు పడి, గుమ్మడికాయల మీంచి జారి, ఆరిపోయాయి.

"వెండెల్" అన్నాడు ఆల్డెన్, లేచి నిలబడుతూ.

తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు నాలుగు మేపుల్ ఆకులు దొర్లుకుంటూ లోపలికి వచ్చాయి. వెండెల్ పొడుగాటి మనిషి, గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావడం అతనికి అలవాటు. చేతిలో మడిచిన దుప్పటి ఉంది.

"చలి పెరిగింది" అన్నాడు. "కాళ్ల మీద కప్పుకుంటావని తెచ్చాను. ఏం హెస్టర్ గారూ, బాగున్నారా? పాటలు తేలాయా?"

ఆ క్షణానే నెల్ వంటింటి తలుపును మోకాలితో నెట్టుకుంటూ, పళ్లెంలో పొగలు కక్కే కప్పులతో వచ్చింది.

"తేలాయండీ, బోలెడు!" అంది. "ఆ వాల్ట్జ్ దగ్గరే కాస్త గొడవైంది."

వెండెల్ దుప్పటి విప్పబోతూ ఆగాడు. "ఏ వాల్ట్జ్?"

"ఇదేనండీ." నెల్ పళ్లెం బల్ల మీద పెట్టి, ఇంకా బుసకొడుతున్న ముల్లును ఎత్తి మొదట్లో దించింది. ఫిడేలు మళ్లీ మొదలైంది. "చూడండి ఎంత బాగుందో! ఆల్డెన్ గారేమో ఇది వినలేనన్నారు."

వెండెల్ విన్నాడు. తల కాస్త పక్కకి వంచి, మర్యాదగా, పూర్తిగా విన్నాడు. అతని మొహంలో ఏ మార్పూ లేదు. ప్రతి ఉదయం ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది ఆ మొహమే. రాత్రుళ్లు ఆమె మందులు ఇచ్చేది ఆ చేతులే. రోడా అతన్ని చూస్తూ, తెలియని మనిషిని చూస్తున్నట్టు చూస్తూ, రెండు చేతులూ కిందికి జార్చి కుర్చీ చక్రాలకు బ్రేకులు వేసింది.

"నేను ఇవాళ ఇంటికి రాను వెండెల్" అంది. "హెస్టర్ గారింట్లో ఉంటాను."

హెస్టర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అవును. ముందు గదిలో మంచం వేయించాను" అంది. అబద్ధం చర్చి గంట అంత స్పష్టంగా పలికింది.

ఎందుకని వెండెల్ అడగలేదు. ఒంట్లో బాగోలేదా అని కూడా అడగలేదు. సగం విప్పిన దుప్పటిని నిదానంగా అంచుకు అంచు కలిపి మళ్లీ మడిచాడు. మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రోడా తల మీదుగా, ఆమె అక్కడ లేనట్టే, గడ్డిమోపు పక్కన నిలబడ్డ స్నేహితుణ్ణి చూశాడు.

"చెప్పేశావా, ఆల్డెన్?" అన్నాడు.